ఏమప్పా అని పిలిచే మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు ధర్మవరంలో, మా ఇంట్లో, అమ్మ మగ్గం చప్పుడు మధ్యలో చేరింది. ఫోన్లో సురేంద్ర. పీజీలో నాతో చదివినవాడు. ఏదో చెబుతున్నాడు, నాకు "మేడమ్" అన్న మాట ఒక్కటే వినబడుతోంది. "గట్టిగా చెప్పప్పా, ఈడ మగ్గం ఆడతాంది" అని నవ్వుతూనే అరిచాను. వాడు గట్టిగా చెప్పాడు. పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని లేచి, వంటింట్లోనే కూలబడ్డారట. పక్క తోటవాళ్ళు వచ్చి చూసేసరికే ప్రాణం పోయిందట. అమ్మ నా ముఖం చూసి మగ్గం ఆపేసింది. మగ్గం ఆగితే మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు కూడా వినబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మీలో చాలామందికి ఆవిడ తెలిసుండరు. పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరుతో ఆవిడని పిలిచినవాళ్ళు బతికున్నప్పుడు కూడా తక్కువే. మాకు మేడమ్. పెనుకొండ రైతులకు గుర్రాలమ్మ. హిందూపురంలో ఉన్న ఆవిడ అన్నగారికైతే "మా పిచ్చిది". ఆ మాట ఆయన ముద్దుగానే అనేవారు, సగం.

హిందూపురంలో రెండేళ్ళ పీజీ కోర్సు ఒకటి ఆవిడ చేతుల మీదుగా నడిచింది. సర్టిఫికెట్ మీద దాని పేరు ఇంగ్లీషులో రెండు వరుసలుంటుంది. మా అమ్మకు నేను చెప్పింది మాత్రం ఇది: ప్రమాదమో, చావో, దెబ్బలో మీద పడి, మనసు అక్కడే ఆగిపోయినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ పక్కన ఎలా కూర్చోవాలో నేర్పుతారు. బొమ్మలు గీయించి, మట్టి పిసికించి, పాట పాడించి, తప్పెట కొట్టించి. ఇంకా గుర్రాలతో. అమ్మ అంతా ఓపిగ్గా విని, "గుర్రాలతోనా? డిగ్రీ అయినాక ఇంకా రెండేండ్లు సదివి జట్కా తోల్తావా మే?" అంది.

వారమంతా హిందూపురంలో ఒక మేడ మీద పాఠాలు. శనివారం పొద్దున్నే పెనుకొండ. కొండ కింద మేడమ్‌కు తండ్రి నుంచి వచ్చిన చేను, అందులో చిన్న ఇల్లు, పక్కన గుర్రాలకు రాతి కూసాలు పాతిన కంచె. మేం బస్సు దిగి నడిచి వెళ్ళేసరికి ఇంకా కొండ కనబడేది కాదు. మంచులో కోటగోడ ముక్క ఒకటి ఆకాశంలో ఊరికే వేలాడుతున్నట్టుండేది. తర్వాత కంచె కనబడేది. తర్వాత గుర్రాల వీపులు. అన్నిటికంటే ముందు మాత్రం మేడమ్ గొంతు వినబడేది. "ఏమప్పా, బాగుండావా? ఏమప్పా, ఈ పొద్దు నాతో మాట్లాడవా?" మనిషెవరో వచ్చారనుకునేవాళ్ళం. ఎవరూ ఉండరు. గుర్రం.

గుర్రాలు మూడు. రెండు హిందూపురంలో జట్కాలు లాగి లాగి ముసలివైపోయిన ఆడగుర్రాలు. మూడోవాడు తెల్లవాడు, పెళ్ళిళ్ళ గుర్రం. (వాడు అంటున్నానని ఏమనుకోకండి, మేడమ్ అలవాటు మాకందరికీ అంటుకుంది.) ఎన్ని ఊళ్ళ పెళ్ళికొడుకులను వీపున మోశాడో తెలీదు. వాడితోబాటు వాడి మనిషి మస్తానన్న కూడా చేనులోకి వచ్చేశాడు. మస్తానన్న వాడికి రాజా అని పేరు పెట్టుకున్నాడు, మేము పెళ్ళికొడుకు అని పెట్టాం. మేడమ్ ఏమప్పా, ఏమప్పా అని పలకరించి పలకరించి చివరికి వాడు పలికేది ఆ పిలుపుకే అయింది. రాజా అంటే కదలడు. ఏమప్పా అంటే చెవి తిప్పుతాడు.

ఆవిడ చీర కొంగులో ఎప్పుడూ బొరుగులు (మరమరాలు) మూటకట్టి ఉండేవి. గుర్రాలకని చెప్పేవారు గానీ సగం మాకే పెట్టేవారు. ఎవరైనా పాఠంలో ముఖం మాడ్చుకుంటే కొంగు విప్పి గుప్పెడు చేతిలో పోసి పక్కకు జరిగేవారు. ఏమైంది అని అడిగేవారు కాదు. ఆ మాట ఆవిడ దగ్గర నిషిద్ధం. ఒకసారి కదిరి వైపు నుంచి ఒకామె వచ్చింది, ఇంట్లో ఏదో పెద్ద ఘోరం చూసిన మనిషి. నేను ఆత్రంగా "ఏమైందక్కా?" అన్నాను. ఆమె ముఖం తలుపు వేసుకున్నట్టు మూసుకుపోయింది. మేడమ్ వచ్చి, "నీళ్ళు తాగుతావామ్మా? ఎండలో కూసుంటావా, నీడలోనా?" అని అడిగారు. ఆమె నీడ చూపించింది. అంతే, ఆ రోజు పాఠం. తర్వాత నాతో అన్నారు: "ఏమైందో ఆమెకు తెలుసు మే. ఈ పొద్దు ఏం కావాల్నో ఎవరూ అడగలేదు, అది అడగల్ల మనం."

నాకు ఇప్పటికీ కలలో వచ్చేది ఊపిరి బొమ్మల తరగతి. గుర్రం పక్కటెముకల మీద ఎడమ చెయ్యి పెట్టాలి. కళ్ళు మూసుకోవాలి. కుడి చేతిలో బొగ్గుముక్క, ముందు చెక్క మీద పరిచిన పొడుగాటి కాగితం. గుర్రం ఊపిరి పీల్చితే గీత పైకి, వదిలితే కిందికి. ఆ చర్మం కింద ఆ వెచ్చదనం, అంత పెద్ద ఊపిరి నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగడం, కొంతసేపటికి చెయ్యి ఎక్కడ ముగిసి గుర్రం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే కాగితం నిండా కొండలు. అందరివీ పెనుకొండ కొండల్లాగా తీరిగ్గా పడుకున్న కొండలు. నావి మాత్రం పల్లేరుకాయలు. "మేడమ్, నా గుర్రానికి ఎక్కిళ్ళు వచ్చినట్టుండాయి" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు. నవ్వి, నా కాగితాన్ని మిగతావాటి మధ్యలో గోడకు అంటించారు.

క్లాసులో నా పని అదే, నవ్వించడం. మట్టితో మీ ఇల్లు చెయ్యండి అంటే నేను గాడిదను చేసి, మా ఇంటి యజమాని అన్నాను. ధర్మవరం పిల్లలకు నోరెక్కువ అని హిందూపురంవాళ్ళు అంటారు, ఆ పేరు నేను నిలబెట్టాను.

తాళం తరగతులు మొదలైన శనివారం సురేంద్ర నల్లమాడ దగ్గర వాళ్ళ ఊరి నుంచి తప్పెట తెచ్చాడు. మేడమ్ ఇంకా ఇంట్లోంచి రాలేదు. వేరుశనగ పొట్టు మంట వేసి తప్పెట కాచి, వాడు నాలుగు దెబ్బలు వేశాడో లేదో, కంచె లోపల పెళ్ళికొడుకు మెడ వంచాడు. ముంగాలు ఒకటి ఎత్తాడు. దించి, రెండోది ఎత్తాడు. దెబ్బకో అడుగు. మంచు విడుతున్న వేళ, తెల్లటి గుర్రం, వెనక కొండ, ఆహా! మేం ఈలలు, చప్పట్లు. ఎవరో నోటు తీసి వాడి తల చుట్టూ దిష్టి తిప్పారు. మస్తానన్న ముఖం వెలిగిపోయింది. నేనైతే కంచె దూకి వాడి ఎదురుగా నిలబడి నేనూ గంతులేశాను. మా ప్రాంతంలో పెళ్ళి ఊరేగింపు చూసిన ఎవరైనా అదే చేస్తారు. గుర్రం ఆడుతోందంటే సంతోషంగా ఉందనే కదా అర్థం.

మేడమ్ చెప్పులు ఎక్కడో వదిలేసి పరుగెత్తుకొచ్చారు. "ఆపండప్పా! సాకు! సాకు!" కంగారుపడితే ఆవిడకు చాలు అనే మాట రాదు, హిందూపురం కన్నడమే వస్తుంది.

సురేంద్ర తప్పెట ఆపాడు. గుర్రం ఆపలేదు.

చప్పుడు లేని చేలో వాడు అలాగే ఆడుతున్నాడు. ఒక కాలు, ఇంకో కాలు. అప్పుడు చూశాను నేను, దగ్గర నుంచి, కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడుతోంది, మెడంతా నురగ. నా చప్పట్లు చేతుల్లోనే ఉండిపోయాయి. మేడమ్ తాడు పట్టుకోలేదు, హో హో అనలేదు. వాడికి కొంచెం పక్కగా, వాడి వైపు చూడకుండా మట్టిలో కూర్చుని, పొడుగ్గా ఊపిరి వదలడం మొదలుపెట్టారు. ఎంతసేపో. చివరికి వాడి కాలు నేల మీద నిలిచింది.

"ఆడేది కాదప్పా అది" అన్నారు మాతో, లేవకుండానే. "కొట్టొద్దని అడిగేది. పిల్లప్పుడు తప్పెట మోగినప్పుడల్లా కాళ్ళ మీద కట్టె పడింటాది. కాలెత్తితే దెబ్బ తప్పుతాది. ఇప్పుడు కట్టె లేదు. ఆ సంగతి వాని కాళ్ళకు ఎవరూ చెప్పలేదు."

మస్తానన్నకు కోపం వచ్చింది. "నేను ఎప్పుడూ కొట్టలేదు మేడమ్. నా దగ్గరికి వచ్చేటప్పటికే వానికి ఆట వచ్చు. ఆట మర్చిపోతే ఈ గుర్రాన్ని పెళ్ళిళ్ళకు ఎవరు పిలుస్తారు?"

"ఎవరూ పిలవొద్దు మస్తానూ. వానంతట వాడు నిలబడితే సాలు నాకు. తప్పెట మోగినా నిలబడల్ల. ఆ ఒక్కటి సూసి పోతాను."

ఆ రోజు నేను జోకులు వెయ్యలేదు. సాయంత్రం బస్సు కోసం నడుస్తుంటే మేడమ్ నా పక్కన వచ్చారు. వేరుశనగ చేల మీద ఎండ పసుపుగా పరుచుకునుంది. కాసేపయ్యాక కొంగు విప్పి బొరుగులు పెట్టారు. నేను తింటూ, ఎవరూ అడక్కుండానే చెప్పాను. చీరలు అమ్ముడుపోని రోజుల్లో మా నాయన ఇంటికొచ్చేటప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడు వింటేనే అది ఎలాంటి రోజో నాకు తెలిసేది. అప్పుడు నేను మొదలుపెట్టేదాన్ని. షావుకారు నడక, టీచరు గొంతు, ఏదో ఒకటి. నాయన నవ్వాడంటే ఆ పూటకు అమ్మకు గండం గడిచినట్టే. నాయన పోయి చాలా రోజులైంది, ఆయన మీద ఇప్పుడు కోపం కూడా లేదు. కానీ ఇప్పటికీ ఎవరి గొంతైనా పెరిగితే నాకు ముందు నవ్వే వస్తుంది.

మేడమ్ ఆగలేదు, నడుస్తూనే అన్నారు: "నవ్వొద్దని నేను సెప్పను మే. ఆ నవ్వు నిన్నూ మీ అమ్మనూ కాపాడింది, దానికి దండం పెట్టుకో. అయితే నవ్వకుండా నిలబడే హక్కు గూడా నీకుండాది. అది గుర్తు పెట్టుకో." తర్వాత, ఏమీ జరగనట్టు, "బొరుగుల్లో ఉప్పు తక్కువైంది గదా?" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి శనివారం మాకు ఒకటే తపన. తప్పెట పట్టుకుని సురేంద్ర దూరంగా, దాదాపు కనబడనంత దూరంగా నిలబడేవాడు. చాలా మెల్లగా ఒక దెబ్బ. పెళ్ళికొడుకు మెడకు తాడు ఉండకూడదు, ఎటైనా పోగలిగేంత చోటుండాలి. వాడి చెవి వణికితే చెయ్యి ఎత్తి చూపాలి, తప్పెట ఆగిపోవాలి. ఆపమంటే ఆగుతుందని వాడికి తెలియాలి, అదే పాఠం మొత్తం. మేడమ్ కంచె లోపల పాత కుర్చీలో కూర్చుని బొమ్మలేసుకుంటూ, గొంతులోనే ఏదో కూనిరాగం తీసేవారు. తప్పెట ఒక వారం మోటారు గది దాకా వచ్చేది, ఇంకో వారం వెనక్కి పోయేది. బావి దగ్గరికి రావడానికి ఒక వానకాలం పట్టింది. కంచె దగ్గర మాత్రం ఎప్పుడూ కాలు లేచేది. మేం నిట్టూరిస్తే "నిలబడేది నేర్సుకునేదానికి ఆడేదాని కంటే ఎక్కువ రోజులు పడతాది" అనేవారు.

కోర్సు అయిపోయింది. నేను ధర్మవరంలో పిల్లలతో పని చేయడం మొదలుపెట్టాను. మేడమ్ ఆదివారాలు ఫోన్ చేసేవారు. నా సంగతులు రెండే ముక్కల్లో అడిగి, వాడి సంగతులు అరగంట చెప్పేవారు. చివరిసారి గొంతులో ఆయాసం ఉంది, సంబరం కూడా ఉంది. "మొన్న కంచె పక్కనే కొట్టించినాను మే. కాలెత్తినాడు. ఎత్తి, అట్లనే పట్టుకొని ఆలోచన చేసినాడు! పొద్దుటి వరకూ నిద్ర పట్టలేదు నాకు." తర్వాత దించాడా అని అడిగాను. "ఆడినాడులే. అయినా ఆలోచన చేసినాడు గదా" అన్నారు. ఆవిడ చూడగలిగింది అంతవరకే.

కబురు విని నేను పెనుకొండ వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా, హిందూపురం బంధువులు. ఆవిడను వరండాలో పడుకోబెట్టారు. కాళ్ళకు అప్పుడు కూడా చెప్పులు లేవు. దూరంగా మంట మీద తప్పెట్లు కాస్తున్నారు. ఆ వాసన తగలగానే నాకు కంచె గుర్తొచ్చింది. శ్మశానం కొండ పక్కన ఉంది, దారి మా కంచెను ఆనుకుని పోతుంది. పాడె ముందు వాడు ఆడితే? జనం మూగి, చూడండి చూడండి, అమ్మ కోసం గుర్రం కూడా ఆడుతోంది అని చప్పట్లు కొడితే? ఆవిడ ఇన్నేళ్ళ పని ఆవిడ కళ్ళ ముందే, ఆవిడ కళ్ళు మూసుకుని ఉండగా, తమాషా అయిపోతుంది.

అన్నగారి దగ్గరికి వెళ్ళి తప్పెట్లు వద్దన్నాను. ఆయన ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళతో నా మీద అరిచారు. "తప్పెట్లు లేకుండా ఎట్లమ్మా? నా చెల్లెలేమన్నా దిక్కులేని శవమా? ఎవరు నువ్వు సెప్పేదానికి?"

ఆ గొంతు లేవగానే నా పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. ఎప్పటి నవ్వే. నవ్వించే మాట ఒకటి కూడా నాలుక మీదికి వచ్చింది, అది అనుంటే ఆయన కోపం దిగిపోయేదే. నేను దాన్ని మింగాను. "నాకు భయమైతాంది సార్" అన్నాను. "ఆ గుర్రం ఆడితే మేడమ్ మళ్ళా పోయినట్లే నాకు." అని ఏడ్చేశాను. అంతమంది ముందు నేను నవ్వకుండా ఒక మాట చెప్పడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. గొంతు తగ్గింది. "దానికి తప్పెటంటే ప్రాణమమ్మా. సిన్నప్పుడు మా ఊరి జాతరలో తప్పెట్ల వెనకాల పడి పోయి తప్పిపోయింది గూడా. తప్పెట లేకుండా నేను పంపలేను. కంచె కాడ నిలబడి కొట్టొద్దని సెప్తాను, నడుస్తా పోతారు. సాలునా?"

చాలన్నాను. చాలదని తెలుసు, అయినా ఆయన చెల్లెలు ఆవిడ.

మస్తానన్న పెళ్ళికొడుకును కొట్టంలో గట్టిగా కట్టేద్దామన్నాడు. వద్దన్నాను. మెడకున్న తాడు విప్పేశాం. శ్మశానం దాకా మా ఆడవాళ్ళు ఎలాగూ పోరు, నేను కంచె లోపలే ఉండిపోయాను. వాడికి కొంచెం పక్కగా, వాడి వైపు చూడకుండా మట్టిలో కూర్చున్నాను.

తప్పెట్లు మొదలయ్యాయి. దుమ్ము లేచింది. ఆ ఎండలో, ఆ దుమ్ములో పాడె నడిచి వస్తున్నట్టు లేదు, నీళ్ళ మీద తేలి వస్తున్నట్టుంది. ముందు మనుషులు పూలూ బొరుగులూ చల్లుతున్నారు. చప్పుడు బావి దాటింది. కంచె దగ్గరికి వచ్చింది. వాడి మెడ వంగింది. ముంగాలు లేచింది. ఊపిరి వదిలాను. పల్లేరుకాయల ఊపిరి కాదు, కొండల ఊపిరి, ఎంత పొడుగ్గా వదలగలనో అంత. కాలు గాల్లోనే ఉంది. తప్పెట్లు మా ముందు నుంచి పోతున్నాయి, మేడమ్ ముఖం ఒక్క క్షణం పసుపు, పూల మధ్య కనబడింది. కాలు ఇంకా గాల్లోనే ఉంది. ఆలోచన చేస్తున్నాడు.

దించాడు. మెల్లగా, నేల ఉందో లేదో చూసుకున్నట్టు. రెండో కాలు లేవలేదు. బుర్రుమని పెద్ద ఊపిరి వదిలి నిలబడ్డాడు.

ఊరేగింపు వెనక నడుస్తున్న ముసలాయన ఒకడు కంచె దగ్గర ఆగి పెదవి విరిచాడు. "ఇది పెళ్ళిగుర్రం గదప్పా? తప్పెట ఇని గూడా ఆడకుండా నిలబడిండాదే! ముసిల్దైపోయిందేమో పాపం." నాకు కడుపులోంచి నవ్వొచ్చింది. ఎవరినీ మెప్పించడానికి కాదు, దేన్నుంచీ తప్పించుకోవడానికి కాదు, ఏడుపుతో కలిసిపోయి అదంతట అదే వచ్చిన నవ్వు. ముసలాయన నన్నూ ఒకసారి జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

చప్పుడు కొండ మలుపు తిరిగి సన్నబడింది. దారంతా బంతిపూల రేకులు, తెల్లగా బొరుగులు. పెళ్ళికొడుకు నడిచి వెళ్ళి, కూసాల మధ్య నుంచి మెడ చాపి, పెదవులతో దుమ్ములోంచి ఒక్కొక్క బొరుగే ఏరుకుని తినసాగాడు. ఆవిడ చేతిలోంచి తిన్నంత నెమ్మదిగా.

"ఏమప్పా" అన్నాను.

వాడు తల ఎత్తాడు. చెవి తిప్పాడు, నా వైపు కాదు, తప్పెట్లు పోయిన వైపు. పెదవికి అంటుకున్న బొరుగు ఒకటి అలాగే ఉండిపోయింది.